గట్టు మీద ఇరవై నాలుగు గంటలు

నక్క లోకనాథం వ్యాపారంలోకి దిగిన రోజున అతని పెట్టుబడి మొత్తం ఇది: సైకిలు ఒకటి, దానికి గంట ఒకటి, నిమిషాలు ఇరవై.

నిమిషాలు ఎలుగుబంటి ఇచ్చినవి. కాలువ చివర ఎలుగుబంటికి భోజన హోటలుంది. గేదె ఇంటి నుంచి ఎనిమిది పెరుగు కుండలు ఇరవై నిమిషాల్లో తెస్తే ఆ పని లోకనాథానిది. ఒక్కరోజు ఆలస్యమైనా గాడిదది.

లోకనాథం లెక్కల్లో దిట్ట. కాలువ గట్టు మీద ఆగకుండా తొక్కితే పదహారు నిమిషాలు. కానీ పొద్దున్నే ఆ గట్టు మీద ఇరవై నలుగురు నడుస్తారు. గంట కొట్టి, బ్రేకు వేసి, వాళ్ళు జరిగేదాకా ఆగితే తలకి అర నిమిషం. వెరసి ఇరవై ఎనిమిది. ఎనిమిది నిమిషాలు నష్టం. ఈ నష్టానికి కారణం జనానికి కాళ్ళుండడమేనని అతను తేల్చేశాడు.

అందుకని గంటా మానేశాడు, బ్రేకూ మానేశాడు. మూడోరోజున, వెనక నుంచి దూసుకొచ్చిన చక్రానికి బెదిరి కోడిపిల్ల కాలువలో పడింది. తాబేలు తాత వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకి చేర్చాడు కాబట్టి బతికింది.

పంచాయతీ పెట్టారు. సర్పంచి గేదె నీళ్ళలోంచి లేవకుండానే విచారణ మొదలుపెట్టింది.

"తాతే లేకపోతే పిల్ల దక్కేది కాదు సర్పంచిగారూ," అంది కోడి.

"ఈత నేర్పించాను కదా పిన్నీ," అన్నాడు లోకనాథం. "అదీ ఉచితంగా."

"చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి వస్తే మాకెలా తెలుస్తుందిరా?"

"మీకు తెలిసి ఏం లాభం? మీరెక్కడున్నారో నాకు తెలియాలి. నడిచేవాళ్ళే మెడలో గంట కట్టుకోండి. నా బొటనవేలికి విశ్రాంతి, మీ ప్రాణాలకి భద్రత."

అతను ఊరికే రాలేదు, నిబంధనలు ఆలోచించుకునే వచ్చాడు. సర్పంచి సరేనని తలూపింది. ఊళ్ళో రాయడం వచ్చింది తనొక్కడికే కనక, సున్నం తడిపి గేదె కొట్టం గోడ మీద తనే రాశాడు. గట్టు మీద గంట మోగగానే విన్నవాళ్ళు దిగువకి తప్పుకోవాలి. నడిచేవాళ్ళంతా గంట కట్టుకోవాలి. నిబంధన తప్పినవాళ్ళు నెలరోజులు గట్టెక్కకూడదు. మొదటిది రాసింది సైకిలు గంట కోసం. ఎప్పుడైనా సరదా పుట్టి కొడితే అందరూ చెదిరిపోవాలని.

తాబేలు తాత గోడని చాలాసేపు చూశాడు.

"విన్నవాళ్ళంటే ఎవరైనా సరేనా, నాయనా?"

"చెవులుంటే చాలు తాతా. పులైనా దిగాల్సిందే."

"బాగుంది. మరి నాకు గంట లేదే."

లోకనాథం అక్కడికక్కడే లెక్కేశాడు. గంట తీసేస్తే సైకిలు బరువు తగ్గుతుంది. నిమిషంలో పావు వంతు మిగులుతుంది. పైగా దాత అన్న పేరు. సైకిలు గంట ఊడదీసి, తనే తాత మెడకి కట్టాడు.

మర్నాడు ఎనిమిది కుండలూ వెనక కట్టుకుని గట్టెక్కాడు. ఎదురుగా తాబేలు తాత వస్తున్నాడు, అడుగుకో టింగు.

"తప్పుకో తాతా, పెరుగు!"

"మోగింది నా గంట కదా, నాయనా."

"అయితే?"

"నువ్వు విన్నావు కదా."

లోకనాథం నోరు తెరిచి గోడకేసి చూశాడు. అక్షరాలు ఎంతో అందంగా ఉన్నాయి. కొట్టం ముందు సర్పంచి గేదె నెమరు వేస్తూ ఇటే చూస్తోంది. నెలరోజులంటే ముప్పై రోజుల పెరుగు. సైకిలు దింపి బురదలో నిలబడ్డాడు.

తాత అతన్ని దాటడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

"తొందరగా నడవొచ్చు కదా," అన్నాడు లోకనాథం పళ్ళు నూరుతూ.

"నా లెక్కలో ఇది పరుగే," అన్నాడు తాత.

గట్టెక్కాడో లేదో, మేకలు. మేకల వెనక బాతులు. అందరి మెడల్లోనూ గంటలే, అందరూ నిబంధన ప్రకారమే. ఎక్కడం, దిగడం. మూడు కుండలు బురదపాలయ్యాయి. ఇరవై నిమిషాలు ఎప్పుడో గడిచాయి.

చివర్న గాడిద వచ్చింది, మెడలో పెద్ద గంటతో.

"ఎలుగుబంటిగారు పంపారు అన్నయ్యా. మిగిలిన కుండలు నాకిచ్చెయ్యమన్నారు," అంది మర్యాదగా. "పాపం, ఇంకాస్త దిగువకి జరుగు."

ఐదు కుండలూ ఇచ్చేసి, లోకనాథం సైకిలు తోసుకుంటూ వెనక్కి మళ్ళాడు. కాసేపటికే తాబేలు తాతని అందుకున్నాడు.

"తాతా, నా గంట ఇచ్చెయ్యి. గోడ చెరిపేద్దాం."

"ఇస్తాను. గంట ఎందుకో చెప్పు ముందు."

"తప్పుకోమనడానికి."

తాత మెడ లోపలికి లాక్కుని నడక సాగించాడు.

వెనకే నడుస్తూ లోకనాథం మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. ఈ నడకన సర్పంచి కొట్టం చేరేసరికి సాయంత్రమవుతుంది. మరో జవాబు వెతుక్కోవడానికి కావలసినంత సమయం.

"నేను వస్తున్నానని చెప్పడానికా?" అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

తాత ఆగి, మెడ బయటికి చాచాడు.

"గట్టు మీద గంట ఉన్నది నేనొస్తున్నానని చెప్పడానికి, నిన్ను పొమ్మనడానికి కాదు."

లోకనాథం సైకిలు పక్కకి వాల్చి, తాత మెడలో గంట ముడి విప్పడానికి చెయ్యి చాచాడు.