మిద్దెలెక్కిన టమాటాలు

అనగనగా ఒక ఊళ్ళో, కొండవాలున, చౌడక్క అనే రైతు ఉండేది తల్లీ. కౌలుకు తీసుకున్న చిన్న చెక్కే ఆమెకు ఆధారం. ఆ ఏడు టమాటా విరగకాసింది. అది అమ్మితేనే మళ్ళీ నారు వేయగలదు. వేయకపోతే పొలం ఇంకొకరికి పోతుంది.

సరిగ్గా అప్పుడే మాయదారి జబ్బొచ్చి లోకమంతా తలుపులేసుకుంది. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావులే.

చౌడక్క సంతకు పోయింది. సంత మూసేశారు. ఆ తర్వాత పట్నానికి బండి కట్టింది. పోలీసులు వెనక్కి పంపారు. ఆ తర్వాత ఎప్పుడూ కొనే షావుకారుకు ఫోన్ చేసింది. ఆయన ఎత్తనే లేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాయలు చెట్లకే మెత్తబడుతుంటే చౌడక్క బావురుమంది. అప్పుడు నెత్తిన ఎండ చురుక్కుమంది. ఎండను మాత్రం ఎవరూ ఆపలేదు కదా అనుకుని లేచింది. ముక్కలు కోసి, ఉప్పు చల్లి, ఎండబెడితే ఒరుగులవుతాయి. ఏడాదంతా చెడవు.

ముందు బాగా పండినవి కోసింది. రసం కారి పరిచిన చీరకే అతుక్కుపోయాయి. అప్పుడు దోరకాయలు కోసింది. అవి గలగలమంటూ ఎండాయి.

కానీ ఒక్క మిద్దె ఎక్కడ చాలుతుంది? ఒకరింటికి ఒకరు పోకూడదాయె. అప్పుడు చౌడక్క వీధిలో నిలబడి కేకేసింది.

"అమ్మల్లారా, మీ మిద్దెలు ఖాళీగానే ఉండాయి గదా. ఎండబెట్టి ఇయ్యండి, అమ్మినదాంట్లో మీకూ వాటా ఇస్తా."

"గంపకు తాడు కట్టి దించుతా. దాంట్లో పోసి నువ్వు దూరం జరుగు" అంది మిద్దె మీది నుంచి ఈశ్వరమ్మ.

ఆ తర్వాత ఇంటింటి నుంచీ గంపలు దిగాయి. ఊళ్ళో మిద్దెలన్నీ ఎర్రబడ్డాయి. ఆ ఆడవాళ్ళను చూస్తే నాకెంత గర్వమో.

ఆ తర్వాత వానలొచ్చాయి, దారులు తెరిచారు. ఆ వేసవిలో ఎవరూ నాటక, తాజా టమాటా ఎక్కడా లేదు. పట్నం హోటళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఒరుగులు కొనుక్కుపోయారు. చౌడక్క నారు తెచ్చింది. మిద్దెల ఆడవాళ్ళంతా మూతికి కొంగు చుట్టుకుని నాటడానికి దిగారు.

అప్పుడొచ్చాడు షావుకారు, నవ్వు మొహం పెట్టుకుని.

"చౌడక్కా, మిగిలిన ఒరుగులు నాకే ఇయ్యాల. ఈ కాపు కూడా నాకే."

"నా ఒక్కదానిదా అన్నా? ఇంతమందిదీ. వాళ్ళనడుగు" అంది చౌడక్క.

"ముందు నాట్లు కానియ్యి, ఆనక మాట్లాడదాం" అంది ఈశ్వరమ్మ, తలెత్తకుండా.

పొద్దు వాలేదాకా షావుకారు ఎండలో చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డాడు. నాట్లన్నీ అయ్యాకే చౌడక్క ధర చెప్పింది. ఆయన బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

ఒరుగులు పట్నానికి,
నారు పొలానికి,
కథేమో కంచికి,
నా బంగారు తల్లి నిద్రకి.