ఖాళీ గదిలో పాఠం

2023 నవంబరు ఆరున, హైదరాబాదు శివారులోని ఒక పెద్ద స్కూల్లో, పదకొండో తరగతి చదివే ఇందుజకు అన్యాయం జరిగింది.

స్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పరీక్షలు రాసే వీలొకటుంది, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అంటారు. ఇందుజ భౌతికశాస్త్రం తనంతట తానే చదువుకుని, ఆ పరీక్షకు తన పేరు పంపమని అడిగింది.

"మా క్లాసు విననివాళ్ళ పేర్లు పంపం. రూలు," అన్నాడు ప్రిన్సిపాలు.

ఆ క్లాసుకు మాస్టారే లేడు. ఉన్నాయన నిరుడు మానేస్తే మళ్ళీ ఎవర్నీ పెట్టలేదు. చదువు చెప్పడం చేతకాదు గానీ, చదువుకున్న పిల్లను ఆపడం మాత్రం వీళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

ఇందుజ నేరుగా నర్సమాంబ దగ్గరికి పోయింది. గుడీ విగ్రహమూ లేని అచల మార్గంలో గురువు ఆమె. ఇందుజ ఇంటిల్లిపాదీ ఆమె శిష్యులే.

"రేపటితో గడువు అయిపోతుందమ్మా. ఆ మనిషి సర్వనాశనమైపోవాలని శపించు."

"శాపాలు నాకు రావు బిడ్డా. ఆ పాఠం ఏ గదిల చెప్తరు?"

"చెప్పరమ్మా. తలుపు మీద పేరుంటుంది, అంతే."

"గది ఉన్నది గద. పొద్దుగాల్నే పోదాం."

మర్నాడు ఇద్దరూ వెళ్ళి ఆ గదిలో మొదటి బెంచీ మీద కూర్చున్నారు. బల్ల మీద దుమ్మును నర్సమాంబ కొంగుతో తుడిచింది. మధ్యాహ్నానికి కబురు అంది ప్రిన్సిపాలే వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఎవరు మీరు?"

"దీని గురువును. క్లాసు వినలేదంటివట. ఇనిపిద్దామని తోలుకొచ్చిన. సారును పిలువు."

"సారు... ప్రస్తుతానికి లేరు."

"తొందరేం లేదు నాయినా. వచ్చేదాంక కూసుంటం."

కిటికీ దగ్గర పిల్లలు మూగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. "మాకూ ఇదే రూలు చెప్పి పంపేశారు సార్," అంది అందులో ఒకమ్మాయి. "కెమిస్ట్రీకి."

"మీరు క్లాసులకు పొండి," అని వాళ్ళను కసిరి, ప్రిన్సిపాలు ఇందుజ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "సరే, నీ పేరు పంపిస్తాను. పెద్దావిణ్ణి ఇంటికి తీసుకెళ్ళు."

ఇందుజ మొహం వెలిగిపోయింది. సంచీ భుజాన వేసుకుంది. "లే అమ్మా. పనైపోయింది."

నర్సమాంబ కదల్లేదు. కిటికీ వైపు చూసింది.

"ఎవరి పని బిడ్డా?"

ఇందుజ కూడా అటు చూసింది. తర్వాత సంచీ కింద పెట్టి, తలుపు బార్లా తెరిచి, బయటివాళ్ళను లోపలికి పిలిచింది. బెంచీలు నిండాయి. ప్రిన్సిపాలు అరిచాడు, బతిమాలాడు, ఫోన్లు చేశాడు. ఒక్కరూ లేవలేదు.

రూలు రద్దయిందని సాయంత్రం నోటీసు అంటించారు. ఎందుకు రద్దు చేశారో అందులో రాయడానికి చేతులు రాలేదు వాళ్ళకు. తేదీ మాత్రం వేశారు: 2023 నవంబరు 7.