పామా? మోకాళ్లా?

కొండకి దారి లేనప్పుడు, దారికి పేరు లేనప్పుడు, కొండ మీద ఒక ఊళ్లో ఒకడుండేవాడు. కథ అయ్యేదాకా మధ్యలో గ్రూపులో ఎవడూ మెసేజ్ పెట్టొద్దు, ఫ్లో పోద్ది.

వాడి పేరు గవరయ్య. పని డోలీ మొయ్యడం. డోలీ అంటే కర్రకి దుప్పటి కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకడు వెనకొకడు మొయ్యడం. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా కొండ కింద మంత్రసాని దగ్గరికి డోలీలోనే దించాలి. దారికి మూడు మలుపులు.

గవరయ్య తిండి మామూలు తిండి కాదు. పెళ్లయితే మూడు విస్తళ్లు. పండగైతే మూడు విస్తళ్లు. ఎవరైనా పోతే, ఏడుస్తూ మూడు విస్తళ్లు. పొట్ట ముందు నడిచేది, మనిషి వెనక నడిచేవాడు. "ఒరే గవరా, డోలీ నువ్వు మోత్తన్నావా, డోలీయే నిన్ను మోత్తందా?" అని జనం నవ్వితే వాడూ నవ్వేసేవాడు.

ఒకరోజు సీతాలుకి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. ముందు సీతాలు మొగుడు దాలయ్య, వెనక గవరయ్య. మొదటి మలుపులో గవరయ్యకి ఆయాసం. రెండో మలుపులో కళ్లు తిరిగాయి. మూడో మలుపులో మోకాళ్లు వణికాయి, మడతపడ్డాయి, కూలబడ్డాడు. డోలీ జారి రాయికి కొట్టుకుంది.

దాలయ్య వెనక్కి తిరిగాడు. "ఏటైందిరా?"

ఒక్క మాట చెప్తే సరిపోయేది. గవరయ్య ఆ మాట చెప్పలేదు.

"పాము," అన్నాడు. "ఇంత పాము. అడ్డొచ్చింది."

బిడ్డ దక్కలేదు.

ఎవరూ గవరయ్యని తిట్టలేదు. అదే వాడి ఖర్మ. "పాపం, పామొస్తే ఆడేం సేత్తాడు" అన్నారు. భయానికి తాయెత్తు కట్టారు. అరిసెలు తెచ్చిచ్చారు. మూడో మలుపులో ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. డోలీ ఎప్పుడు దిగినా అక్కడ ఆగి, లేని పాముకి పాలు పొయ్యడం మొదలెట్టారు. మొదట పోసింది ఎవరు? సీతాలు.

అది చూసిన రోజు గవరయ్యకి అరిసె గొంతు దిగలేదు. ఇంటికొచ్చాడు, తలుపేసుకున్నాడు, చెవులు పట్టుకున్నాడు. గుంజీళ్లు తీశాడు.

కూకుంటూ "తప్పు" అన్నాడు. లేస్తూ "ఒప్పు" అన్నాడు.

కూకుంటే తప్పు, లేస్తే ఒప్పు. మూడు తీసేసరికి బోర్లా పడ్డాడు. లేద్దామని చేతులు నేలకానించి తోశాడు. అదే వాడి మొదటి దండీ. లేచి నిలబడితే ఒళ్లు తూలి, పైన దూలం పట్టుకుని వేలాడాడు. దూలం కిర్రుమంది.

మర్నాడు మళ్లీ. ఆ మర్నాడు మళ్లీ. గుంజీళ్లు, దండీలు, దూలం. కర్రసాము గురువు లేడు, కసరత్తులు నేర్పే తాలింఖానా లేదు, తలుపేసిన ఇల్లే. విందులకి పోవడం మానేశాడు. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం ఉలవచారుతో ఇంత అన్నం, సాయంత్రం మునగాకు. మూడు కాస్తా ముప్పై అయ్యాయి. ముప్పై కాస్తా మూడొందలయ్యాయి. పొట్ట వెనక్కెళ్లింది, మనిషి ముందుకొచ్చాడు.

సిగ్గు మాత్రం ఇంచు కూడా తగ్గలేదు.

ఒకరోజు, లోపలేం చేస్తాడో చూద్దామని పెళ్లాం నూకాలు తలుపు తోసింది. "ఏటి మావా ఇది? సిన్నపిల్లడిలాగ సెవులట్టుకున్నావు?"

గవరయ్య చెప్పేశాడు. మొత్తం చెప్పేశాడు. నూకాలు గడప మీద కూర్చుంది.

"మూడేళ్లబట్టి ఒప్పు ఒప్పు అంతన్నావు. ఎవులి కాడ ఒప్పుకున్నావు?"

"గోడ కాడ."

"బిడ్డని పోగొట్టుకున్నది గోడ కాదు మావా."

వాడు తలొంచుకున్నాడు. రేపు చెప్తానన్నాడు. రేపు మళ్లీ రేపు చెప్తానన్నాడు. మూడొందల గుంజీళ్లు తియ్యగలడు, మూడు మాటలు తియ్యలేడు.

ఇంతలో సీతాలుకి మళ్లీ నొప్పులొచ్చాయి. ముందు దాలయ్య, వెనక గవరయ్య. దాలయ్యే పిలిచాడు. "నువ్విప్పుడు ఏనుగులాగ ఉన్నావు, రా." మొదటి మలుపు గాలిలా దాటారు. రెండో మలుపులో దాలయ్య కాలు జారి, నడుముకి కట్టుకున్న పాలముంత పగిలింది. మూడో మలుపులో దాలయ్య ఆగిపోయాడు.

"పాలు లేవు. డోలీ దించు. నేను ఊళ్లోకెళ్లి తెత్తాను."

డోలీలో సీతాలు అరుస్తోంది. ఊళ్లోకెళ్లి రావాలంటే రెండు మలుపులెక్కాలి, రెండు మలుపులు దిగాలి.

"పర్లేదు, నడు," అన్నాడు గవరయ్య.

"పాలు పొయ్యకపోతే అది మళ్లీ అడ్డొత్తాది!"

"వస్తే నేను సూసుకుంతాను, నడు."

"అప్పుడు సూసుకున్నావా?"

సీతాలు మళ్లీ అరిచింది.

"పాము లేదు దాలయ్యా."

"ఇప్పుడు లేదు..."

"అప్పుడూ లేదు. నా మోకాళ్లు. నా తిండి, నా మోకాళ్లు. అబద్ధం సెప్పాను."

దాలయ్య డోలీ దించాడు. పసుపు పూసిన రాయే పీకి చేతిలోకి తీసుకున్నాడు. గవరయ్య కదల్లేదు, తల కూడా అడ్డుపెట్టుకోలేదు.

అప్పుడు డోలీలోంచి సీతాలు అంది. "రాయి దించు. ఎవులో ఒకరు ముందు నన్ను మొయ్యండి."

దాలయ్య రాయి పడేశాడు. కర్ర మాత్రం అందుకోలేదు. గవరయ్య సీతాలుని దుప్పటితో సహా చేతుల్లోకెత్తుకుని ఒక్కడే దిగాడు. కుడి అడుగు తప్పు, ఎడమ అడుగు ఒప్పు. తప్పు, ఒప్పు. తప్పు, ఒప్పు. మోకాళ్లు ఈసారి మడతపడలేదు.

ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమంది.

గవరయ్య మంత్రసాని గుమ్మం బయట చెవులు పట్టుకుని నించున్నాడు. సీతాలు బిడ్డతో బయటికొచ్చి వాడిని చూసింది. క్షమించానని అనలేదు. చచ్చేదాకా అనలేదు. "ఊరికి కూడా నువ్వే సెప్పు," అంది, అంతే.

చెప్పాడు. అందరి ముందు, వీధిలో, చెవులు పట్టుకుని చెప్పాడు. ఇప్పుడు సిగ్గు ఊరిదయ్యింది. మూడేళ్లు రాయికి పోసిన పాలు, నీళ్లోసుకున్న ఆడాళ్లు తాగాల్సిన పాలు. అన్నాళ్లూ ఒక్కడు కూడా "పామునెవులైనా సూశారా?" అని అడగలేదు. ఒకడి మొహం ఒకడు చూసుకోలేకపోయారు.

తర్వాత గవరయ్య తలుపు మూసుకోలేదు. వీధరుగు మీదే గుంజీళ్లు తీసేవాడు. డోలీ మోసే కుర్రాళ్లొచ్చి పక్కన నించునేవారు. సీతాలు కూతురు కూడా వచ్చేది. సీతాలే పంపేది.

గవరయ్య ముసలాడై చనిపోయాడు. మూడో మలుపులోనే పాతిపెట్టారు.

ఇప్పటికీ ఆ మలుపులో రాయికి పాలు పొయ్యరు. డోలీలో ఉన్నామెకి తాగిస్తారు. మోసేవాళ్లు ఉత్త డోలీతో తిరిగొచ్చేటప్పుడు అక్కడ చెవులు పట్టుకుని మూడు గుంజీళ్లు తీస్తారు. కూకుంటే తప్పు, లేస్తే ఒప్పు.

ఇంకా ఆ వైపు ఎవడైనా పని చెడగొట్టి సాకు చెప్తే, పెద్దాళ్లు తిట్టరు, కొట్టరు. ఒకటే అడుగుతారు.

"పామా? మోకాళ్లా?"

మొన్న మా నాయనమ్మ నన్నడిగింది. నేను నోరు మూసుకుని చెవులు పట్టుకున్నా.