శాశ్వతం పట్టని గడి

పరాంకుశంగారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. "మనిషి నూరేళ్లు బతకడు. శాశ్వతం అనే మాట ఏ ధైర్యంతో అంటాడు?" అని శిష్యుడు రఘువీర్ అడిగిన రోజున కూడా ఆయన ఉత్తరీయం భుజాన వేసుకుని, గుడిలో శాశ్వత అన్నదానం కౌంటరు దగ్గరికి నడిచారు. రఘువీర్ వెంట వెళ్లాడు. అతను కాలేజీలో కంప్యూటర్ల పాఠం చెబుతాడు.

కౌంటరు ముందు సుభద్రమ్మ అనే ఆవిడ నిలబడి ఉంది. చనిపోయిన కూతురు నీలవేణి పుట్టినరోజున ఏటా అన్నదానం జరగాలి, తాను పోయాక కూడా ఆగకూడదు. ఆవిడ కోరిక అదొక్కటే. గుమాస్తా నృసింహం వివరాలు నింపాడు. పాత కంప్యూటరు ఏటేటా తేదీలను 2037 వరకు సరిగ్గానే చూపించి, ఆ తరువాతి ఏడాదిని 1902 అంది.

"బాగుంది నాయనా! మా అమ్మమ్మ పుట్టకముందే నా కూతురి పేర సంతర్పణ చేసేస్తోందా మీ మిషను?" అందావిడ. నవ్వబోయి ఆగిపోయింది.

రఘువీర్ వివరించాడు. ఈ యంత్రం 1970 మొదటి రోజు నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. ఆ అంకె దాచుకునే గడి చిన్నది. 2038 జనవరిలో అది నిండిపోతుంది, మరుక్షణం అంకె తిరగబడి నూరేళ్లకు పైగా వెనక్కి పడుతుంది.

"2037 దాకా రాస్తానమ్మా. తరవాత సంగతి ఎవరో ఒకరు చూస్తారు," అన్నాడు నృసింహం.

"ఆ ఎవరో ఎవరు?"

నృసింహం మళ్లీ తెర వైపు తిరిగాడు.

పరాంకుశంగారు ముగ్గురినీ ముఖమండపంలోకి తీసుకెళ్లారు. ఒక స్తంభం మీద అరిగిన అక్షరాలను వేలితో తడుముతూ చదివారు. కొమ్మసాని అనే ఆమె తన బిడ్డ పుణ్యం కోసం, ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, ఇక్కడ అఖండదీపం వెలగాలని ఆ శాసనం చెక్కించింది. ఆమె నాటి రాజు లేడు, రాజ్యం లేదు. ఆమె ఊరు ఎక్కడుండేదో చెప్పగలవాళ్లూ లేరు. స్తంభం పక్కన దీపం వెలుగుతోంది.

సుభద్రమ్మ కొంగు సర్దుకుని దీపానికి చేతులు జోడించింది.

"నీ గడిలో ఎంత పడితే అంత రాయి నాయనా," అంది నృసింహంతో.

తిరిగి వస్తుంటే రఘువీర్ ఉండబట్టలేకపోయాడు. "ఇన్ని వందల ఏళ్లు ఆ దీపం ఎలా వెలిగింది గురువుగారూ?"

"ఏమో. నూనె మాత్రం ఈ పొద్దున పోసిందే," అన్నారు పరాంకుశంగారు.