తాడు పట్టిన ఉడుము

ఒకప్పుడు ఉడుముకు ఇంత పట్టు ఉండేది కాదు. గోళ్ళు మొండిగా, మెత్తగా ఉండేవి. నాలుక చీలి ఉండేది కాదు. ఆ నాలుకతో చక్కగా మాటలు చెప్పేది. మనుషుల గుడిసెల్లో చూరు పట్టుకుని, ఎలుకల్ని తింటూ, ఇంట్లో ముచ్చట్లన్నీ వింటూ హాయిగా బతికేది.

అలాంటి ఒక ఉడుము గురవమ్మ గుడిసెలో ఉండేది. గురవమ్మ మొగుడు బయ్యన్న తేనె తీసేవాడు. తేనెపట్టులేమో నిలువు కొండచరియకు వేలాడేవి. నడుముకు తాడు కట్టుకుని పైనుంచి దిగాలి.

మరి పైన ఆ తాడు ఎవరు పట్టాలి? అక్కడివాళ్ళ కట్టుబాటు ఒకటే. పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. సొంత చెల్లెలి బొట్టు చెరిపేవాడు ఎవడూ ఉండడు కదా! దించిన తేనెలో మొదటి వాటా కూడా అతనిదే.

గురవమ్మకు అన్నదమ్ములు లేరు. పట్టులు నిండి కారుతున్నా, బయ్యన్న కిందనుంచి చూసి గుటకలు మింగడమే.

ఒకరోజు గురవమ్మ ఉడుము ముంగాలికి పసుపు దారం కట్టింది. "అన్నా, నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? తాడు నువ్వే పట్టాలి," అంది.

ఉడుము పొంగిపోయింది. నిన్నటిదాకా చూరులో పురుగు, ఇవాళ ఒక ఆడపిల్లకు అన్న!

తాడు కొస దాని నడుముకు కట్టారు. ఉడుము చరియ అంచున బండను కరుచుకుంది. బయ్యన్న దిగి పొగ పెట్టాడు. తేనెటీగలు గుయ్యిమని లేచి, పొగకు జడిసి పైకొచ్చి, ఉడుమును కమ్ముకున్నాయి. కళ్ళు వాచిపోయాయి. మెత్తటి గోళ్ళు జారసాగాయి.

"వదిలితే నా చెల్లి ఏమైపోతుంది?" అనుకుంది ఉడుము. గోళ్ళు బండలోకి దించింది. అవి నెత్తురు కారుతూ వంగి, కొక్కేలైపోయాయి. అయినా వదల్లేదు.

బయ్యన్న కుండ నిండా తేనెతో పైకొచ్చాడు. "బావా, నువ్వు దేవుడివి!" అన్నాడు. ఆ దేవుడికి వాటా మాత్రం తర్వాత ఇస్తానన్నాడు.

మూడోనాడు, జాతర ఇంకో రెండు రోజులుందనగా, బయ్యన్న అందులో వాయించే కంజీర తోలు పగిలింది. ఉడుము చూరులో ఉంది. కింద మాటలు వినబడ్డాయి.

"మీ అన్న పొట్ట తోలు చూశావా? ఎంత పల్చగా ఉందో!" అన్నాడు బయ్యన్న.

చెల్లెలు వద్దంటుందని ఉడుము ఎదురుచూసింది.

"మెడ దగ్గర కొయ్యి. పొట్ట చిరక్కూడదు," అంది గురవమ్మ.

ఉడుము కిందికి దూకి, ఒకటే పరుగున పోయి కొండ నెర్రెలో దూరింది. బయ్యన్న తోక పట్టి లాగాడు. బండకు కాలు తన్నిపెట్టి లాగాడు. అతని ప్రాణం కోసం వంగిన గోళ్ళే అవి! ఉడుము కదల్లేదు.

అప్పుడు గురవమ్మ తేనె దొప్పతో వచ్చి నెర్రె ముందు కూర్చుంది. "అన్నా, నీ వాటా తెచ్చాను. రా అన్నా," అని తియ్యగా పిలిచింది.

ఆ పిలుపుకు పాపం గోళ్ళు సడలాయి. "వస్తున్నా చెల్లీ" అనే మాట నాలుక కొసదాకా వచ్చేసింది. అది బయటికి రాకుండా ఉడుము తన నాలుకను తనే కసుక్కున కొరుక్కుంది. నాలుక రెండుగా చీలిపోయింది.

అప్పటినుంచే ఉడుము ఒకసారి పట్టిందంటే వదలదు. ఆ పట్టును మనం మెచ్చుకుంటూనే ఉంటాం, దాని తోలును వాయిస్తూనే ఉంటాం. మనిషి అలికిడైతే చాలు, అది నెర్రెలో దూరి చీలిన నాలుక ఆడిస్తుంది. ఎంత తియ్యగా పిలిచినా పలకదు.