బొంతన్న చేతులు మరిచిన పని

ఇది అబద్ధమనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి పిల్లలూ. సగంలో లేచారంటే ఊరుకోను. అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. ఎంత లోతంటే, పొద్దున వేసిన రాయి సాయంత్రానికి గానీ అడుగు తాకేది కాదు. ఆ వాగు ఒడ్డున బొంతన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. అతను గురక పెడితే అవతలి కొండ మీది నేరేడుపళ్లు జలజలా రాలేవి.

ఆ వాగులోనే నీరమ్మ అనే నీటిపిల్లి ఉండేది. ఏటా తొలకరికి ముందు అది జంతువులన్నిటినీ ఇసుకతిన్నె మీదికి పిలిచేది. గడ్డి కుక్కిన బొమ్మను పడుకోబెట్టి, నీళ్లలో మునిగి ఊపిరి ఆగినవాళ్లని ఎలా బతికించాలో నేర్పేది. వెల్లకిలా పడుకోబెట్టాలి. తల వెనక్కి వంచి ఊపిరి ఊదాలి. ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా నొక్కాలి. మధ్యమధ్య మళ్లీ ఊదాలి. ప్రాణి కదిలేదాకా ఆపకూడదు.

ఒక ఏడు పొడ అనే జింకపిల్ల ఊపిరాగి వరదలో కొట్టుకొచ్చింది. బొంతన్న నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశాడు. పొడ దగ్గింది, నీళ్లు కక్కింది, కళ్లు తెరిచింది. ఆ రోజు నుంచి అతన్ని మామా అని పిలిచింది.

మరుసటి తొలకరికి నీరమ్మ పిలిస్తే బొంతన్న నవ్వాడు.

"ప్రాణం పోసినవాణ్ణి గడ్డిబొమ్మని నొక్కమంటావా చెల్లీ? నన్ను చూస్తే ఆ బొమ్మే లేచి దండం పెడుతుంది."

వెళ్లలేదు. మద్దిచెట్టు కింద కూర్చుని పొడని బతికించిన కథ చెప్పాడు. ఆ ఏడు కథలోకి ఒక మొసలి వచ్చి చేరింది. పై ఏడు నీరమ్మ మళ్లీ పిలిచింది, కథలో మొసలికి తోడు పిడుగు పడింది. మూడో ఏటికి ఛాతీ నొక్కడం వినేవాళ్లకి చప్పగా ఉందని దాన్ని తీసేశాడు. పొడని వెనక కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి, గాలిలో గిరగిరా తిప్పానన్నాడు. మద్దిచెట్టు కింద చోటు చాలలేదు. ఇసుకతిన్నె మీద నీరమ్మ, గడ్డిబొమ్మ మిగిలారు.

నీరమ్మ చెట్టు దాకా వచ్చి చెప్పింది. "అన్నా, నీ నోరు చెప్పేది నీ చేతులు కూడా వింటున్నాయి. ఒక్కసారి వచ్చి నొక్కి వెళ్లు."

బొంతన్న ఆవులించాడు.

ఆ వానల్లోనే ఉప్పెనలాంటి వరద వచ్చింది. అప్పటికి పొడ తల్లయింది. చివురు అనే దాని కూన, ఒడ్డు విరిగి నీళ్లలో పడింది. అడవిదున్న ఒకటి దాన్ని బయటికి లాగింది గానీ, కూనకి ఊపిరి లేదు. నీరమ్మ ఎక్కడో ఎగువన ఉంది. పొడ బొంతన్న దగ్గరికి పరుగెత్తింది.

"మామా, నన్ను బతికించినట్టే దీన్నీ బతికించు."

బొంతన్న వచ్చి కూన పక్కన కూర్చున్నాడు. ముందు ఏం చెయ్యాలి? ఎక్కడ నొక్కాలి? ఎంత తడుముకున్నా మొసలి గుర్తొచ్చింది, పిడుగు గుర్తొచ్చింది, చెట్టు కింది చప్పట్లు గుర్తొచ్చాయి. కూన వెనక కాళ్లు పట్టుకుని ఎత్తాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ ఆపలేదు. బతికించడమంటే అదేనని వాళ్లు ఏటా విన్నారు.

నీరమ్మ ఈదుకుంటూ వచ్చి కూనని లాక్కుని నేల మీద పడుకోబెట్టింది. ఊదింది, నొక్కింది. పొద్దు కొండ చాటుకి దిగేదాకా నొక్కుతూనే ఉంది. చివురు లేవలేదు.

పొడ ఏడవలేదు. బొంతన్న వైపు తిరిగింది.

"మామా, నన్నూ ఇలాగే తిప్పావా?"

"లేదమ్మా."

"మరి దీన్నెందుకు తిప్పావు?"

 

మరుసటి తొలకరికి ఇసుకతిన్నె మీదికి అందరికన్నా ముందు వచ్చింది బొంతన్నే. గడ్డి పిగిలిపోయేదాకా బొమ్మని నొక్కాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొడ కూడా వచ్చింది. అతని పక్కనే నిలబడి తనూ నొక్కడం నేర్చుకుంది. మామా అని మాత్రం మళ్లీ పిలవలేదు.

ఇందులో ఒక్క ముక్క కల్పించాననిపిస్తే ఆ వాగు ఒడ్డుకి వెళ్లి అడగండి. సాక్షి పేరు పొడ.

నీతి: ప్రాణం నిలిపే విద్య ఒకసారి నేర్చుకుంటే చాలదు. చేతులు మరవకముందే ఏటేటా మళ్లీ చేసి చూసుకోవాలి.