తడిగుడ్డ అసిరి

“వచ్చే వేసవికి ఈ రేకులు పీకించేసి చల్లని కప్పు వేయిస్తాను. మీరంతా నా ఇంటి ఆడపడుచులు.”

ఇలా మాటిచ్చాడట ఒక షెడ్డు యజమాని. ఎప్పుడంటే, ఎండ ఇంకా మనిషి ముఖం చూసి కాసే కాలంలో. ఎక్కడంటే, సముద్రపు ఉప్పుగాలి తగిలేంత దగ్గర్లో. ఆ షెడ్డులో మూడు వందల మంది ఆడవాళ్ళు దూరదేశాల వాళ్ళకి చొక్కాలు కుట్టేవారు. ఒక వేసవి వచ్చింది, కప్పు రాలేదు. రెండో వేసవి వచ్చింది, కప్పు రాలేదు. మూడో వేసవి వచ్చింది. కప్పు బదులు ఎండ వచ్చింది.

అది తాతలు ఎరిగిన ఎండ కాదు. లోకంలోని పొగగొట్టాల పాపమంతా మూటగట్టుకుని వచ్చిన ఎండ. సముద్రం ఉడికి ఆవిరి లేచింది. కాకులు నోళ్ళు తెరిచి కూర్చున్నాయి గానీ అరవలేదు.

షెడ్డులో చివరి బల్ల దగ్గర అసిరి ఇస్త్రీ చేసేది. వాళ్ళమ్మ గెడ్డ నీళ్ళలో ఊరి బట్టలు ఉతికిన మనిషి. చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట అసిరికి ఆ వేసవిలో గుర్తొచ్చింది.

“ఎండుండి గుడ్డ ఆరలేదంటే పారిపోవే అమ్మీ. గుడ్డ ఆరనినాడు ఒంటి సెమటా ఆరదు. సెమట ఆరకపోతే మనిషి లోపల్నుంచి ఉడికిపోతాది.”

మొదటి రోజు అసిరి బెత్తెడు గుడ్డపేలిక తడిపి కిటికీ ఊచకి కట్టింది. పక్క మిషను మీద బంగారి ఉంది. ఏడో నెల కడుపు.

“ఏటప్పా, జెండా ఎగరేత్తన్నావా?” అని నవ్వింది బంగారి.

“జెండాయే. ఆరిందేటో సూసి సెప్పు.”

టీ గంటకి, “ఆరిందప్పా.”

“అయితే కుట్టు.”

రెండో రోజు గుడ్డ టీ గంటకి ఆరలేదు. అన్నం గంటకి ఆరింది.

“ఆరిందప్పా.”

“అయితే కుట్టు,” అంది గానీ అసిరి తన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. వెళ్ళి సూపర్‌వైజరు సత్తిబాబుతో చెప్పింది. “బాబూ, రేపు మిషన్లు ఆపించండి. రేపు గుడ్డ ఆరదు.”

“ఆరకపోతే నీ చేతిలో ఇస్త్రీపెట్టె లేదేటే? శనివారం ఓడ వెళ్ళిపోద్ది. ఓడకి నీ పేలిక గోల తెలీదు!”

మూడో రోజు టీ గంట మోగింది. ఆరలేదు. అన్నం గంట మోగింది. ఆరలేదు. పొద్దు వాలింది. గుడ్డ కట్టినప్పటంత తడిగానే ఉంది.

“ఆరిందేటే?”

బంగారి గుడ్డ వంక చూడలేదు. “అప్పా,” అంది మెల్లగా, “సలేత్తంది.”

ఆ మంటలో చలి! అసిరి ఇస్త్రీపెట్టె వదిలేసి గోడ దగ్గరికి పరిగెత్తి కరెంటు మెయిన్ స్విచ్చి దించేసింది. మూడు వందల మిషన్లు ఒక్కసారే నోరు మూశాయి.

“లేవండర్రా! బయటికి!”

ఎవరూ లేవలేదు. పని పోతుందని భయం.

“లేవండర్రా! బంగారిని సూడండి!”

సగంమంది లేచారు.

“లేవండర్రా! రేపు కుట్టడానికైనా బతకాల!”

అందరూ లేచారు. బంగారిని మోసుకెళ్ళి బోరింగు కింద కూర్చోబెట్టి నీళ్ళు కుమ్మరించారు. లోపల సత్తిబాబు మెయిన్ ఎత్తబోయాడు. అసిరి దానికి వీపు ఆనించి నిలబడింది.

“ముందు నన్ను లాగెయ్యి బాబూ,” అందట. సత్తిబాబు ఆమెను ముట్టుకోలేక బయటికి పోయాడు.

బంగారి కళ్ళు తెరిచింది. తల్లీ బిడ్డా బతికారు. అప్పుడు ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అసిరి ఏది? వెళ్ళి చూస్తే, మెయిన్‌కి ఆనుకునే కూర్చుని ఉంది. ఒంటిమీద చెమట చుక్క లేదు. ముట్టుకున్న చెయ్యి ఆ ఒంటి వేడికి కాలింది. ప్రాణం లేదు.

ఈనాటికీ ఆ వైపు షెడ్లలో మొదటి కుట్టు పడే ముందు ఎవరో ఒకరు బెత్తెడు గుడ్డ తడిపి కిటికీకి కడతారు. అన్నం గంటకి ఆరకపోతే హుకుం కోసం చూడరు. “అసిరి లెగమంది” అంటారు, పెడళ్ళ మీంచి కాళ్ళు తీస్తారు, బయటికి నడుస్తారు. మునుపు ఏడాదికి ఒకనాడు లేచేవారు. తరవాత మూడు నాళ్ళు. పోయిన వేసవిలో పదకొండు నాళ్ళు.

నూరు నాళ్ళూ ఆరని ఏడు వస్తే ఈ లోకానికి చొక్కా కుట్టేదెవరు? కుట్టేవాళ్ళు బతికేదెలా? షెడ్లు కట్టినవాళ్ళూ, ఓడలు నడిపేవాళ్ళూ, పొగ వదిలినవాళ్ళూ చెప్పాలి. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఈ ఏడు మే ఇరవై అయిదున వస్తోంది. ఇరవై నాలుగో తేదీ పొద్దుగూకేలోపు ఈ మిషన్ల మీద కుట్టే మాకు జవాబు కావాలి.